ఏసీ వేయగానే ముక్కిన బియ్యం వాసన

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఐదేళ్ల కిందటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కారు, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికోసారి పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వెళ్లి వస్తుంటాం. వానలు మొదలైనప్పటి నుంచి ఏసీ వేయగానే ముక్కిన బియ్యం డబ్బా మూత తీసినట్టు వాసన. రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది, బండి ఎక్కడైనా ఆగితే మళ్లీ గుప్పుమంటుంది. బరంపురంలో ఒక షెడ్డులో చూపిస్తే ఒడియాలో 'గ్యాస్ కమిగలా', అంటే గ్యాస్ తగ్గిపోయిందని, గ్యాస్ నింపారు. చల్లదనం ముందూ బాగుంది, ఇప్పుడూ బాగుంది, వాసన కూడా అలాగే ఉంది. సెంటు సీసా తగిలిస్తే రెండు వాసనలూ కలిసి ఇంకా కడుపులో తిప్పుతోంది. ఎడమ వైపు ముందు సీటు దగ్గర మ్యాట్ తడిగా ఉంటోంది, గొడుగు నీళ్లనుకున్నాం. మా అమ్మకు ఆయాసం ఉంది, కారెక్కితే దగ్గు అందుకుంటోంది. ఇంకో షెడ్డులో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలంటున్నారు. విప్పించమంటారా?

సమాధానం: ఇప్పుడే వద్దు. గొడుగు నీళ్లని మీరు కొట్టిపారేసిన ఆ ఎడమ మ్యాట్ తడే అసలు ఆనవాలు. ఏసీ కాయిల్ మీద పట్టిన నీరు బండి కింద రోడ్డు మీద పడాలి. మీ బండిలో అది బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలికి దిగుతున్నట్టుంది. నీరు నిలిచిన చోట వాసన పుడుతుంది. కాబట్టి ముందు నీళ్ల సంగతి చూసి, ఆ తర్వాత వాసన సంగతి చూడాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి డబ్బు పోగొట్టుకుంటారు.

గ్యాస్ విషయం ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఏసీ గ్యాస్ మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, మీరు పీల్చే గాలిని తాకదు. అది తగ్గితే చల్లదనం తగ్గుతుంది గానీ ముక్కిన వాసన రాదు. చల్లగా ఉన్న ఏసీకి వాసన కోసం గ్యాస్ నింపడమంటే కాలు నొప్పికి కళ్లజోడు రాసివ్వడమే. పైగా మోతాదు మించితే చల్లదనం పడిపోతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది, చిన్న కార్లకు అరకిలో లోపే. మీ బండికి తూచి నింపారో, ఉజ్జాయింపుగా నింపారో ఒకసారి కనుక్కోండి.

ఇక వాసన పుట్టే చోటు. డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది. సన్నని అల్యూమినియం రేకులు పుస్తకం పేజీల్లా దగ్గర దగ్గరగా పేర్చినట్టు ఉంటాయి. బ్లోయర్ గాలిని ఆ రేకుల మధ్య నుంచి తోస్తుంది. వానాకాలంలో మన తీరంలో 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి కాయిల్ దాటి 8 డిగ్రీలకు చల్లబడితే అందులో 8 గ్రాములకు మించి నిలవదు. మిగతా 16 గ్రాములు ఆ రేకుల మీదే నీరై కారాలి. బయటి గాలి తీసుకుంటూ గంట ప్రయాణం చేస్తే లీటరు దాకా నీరు కారడం వింతేమీ కాదు. ఆ నీటికి రోడ్డు దుమ్ము, పుప్పొడి, బట్టల నూగు, మన ఒంటి మీంచి రాలే పొట్టు తోడవుతాయి. బండి ఆపాక ఆ చీకటి పెట్టెలో గాలి ఆడదు, వెచ్చగా ఉంటుంది. సూక్ష్మజీవులకు, బూజుకు అంతకంటే మంచి పొలం దొరకదు. కొన్నాళ్లకు రేకుల మీద పాత నీళ్లతొట్టి గోడకు పట్టినట్టు జిగురు పొర కడుతుంది.

ఆ పొర తడి నుంచి పొడికి, పొడి నుంచి తడికి మారేటప్పుడే వాసన ఎక్కువగా వదులుతుంది. అందుకే మీకు ఏసీ వేయగానే ఒకసారి వస్తోంది. బండి ఆగినప్పుడు కంప్రెసర్ కట్ అయి కాయిల్ వేడెక్కడం మొదలైతే మళ్లీ వస్తోంది. మీరు రాసిన లక్షణం దీనికి అచ్చంగా సరిపోతోంది. వేరే వాసనలైతే దారి వేరు. అద్దం లోపలి వైపు నూనె మరకలా మసక పడుతూ తియ్యటి పాకం వాసన వస్తే అది హీటర్ కాయిల్ నుంచి కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, కారడం. మూత్రం కంపు ఘాటుగా కొడితే బ్లోయర్‌లో ఎలుక కాపురం. ప్లాస్టిక్ కాలిన వాసనైతే బ్లోయర్ మోటారో, వైరింగో చూడాలి, అప్పుడు ఏసీ ఆపేసి నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికే. పెట్రోల్ వాసనైతే బండే నడపొద్దు.

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. వాన లేని రోజు, బండిని ఆరుబయట పొడి నేల మీద నిలపండి. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ ఈ పని చేయకూడదు, పొగ ప్రాణానికే ముప్పు. ఏసీ పూర్తి చల్లదనంలో, బ్లోయర్ మూడో నంబర్‌లో, బయటి గాలి తీసుకునేలా పెట్టి 15 నిమిషాలు వదలండి. ఈ కాలంలో పది నిమిషాలు దాటేసరికి ముందు భాగం కింద, ఎక్కువ బండ్లలో మధ్య నుంచి ఎడమ వైపుకి, నీరు చుక్కలు చుక్కలుగా పడుతూ నేల మీద పళ్లెమంత మరక కట్టాలి. చుక్క పడకపోయినా, ఐదు నిమిషాలకో చుక్క పడినా ఆ నీరు పోయే డ్రెయిన్ గొట్టం మూసుకుందన్నమాట. బండిని ముందుకు తీసి కాస్త గట్టిగా బ్రేకు వేసినప్పుడో, ఎడమ మలుపు తిరిగినప్పుడో డ్యాష్‌బోర్డులో గలగలమని నీళ్ల చప్పుడు వినిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఆ తడి వాననీరు కాదని కూడా రూఢి చేసుకోండి. రెండు రోజులు ఏసీ వేయకుండా ఉండండి. వాన పడ్డాక గానీ, అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ మీద పది నిమిషాలు పైపుతో నీళ్లు వదిలాక గానీ మ్యాట్ తడిస్తే అది పైనుంచి వస్తున్న లీకు. జాలీ కింద తొట్టిలో చింతాకు, వేపాకు, మామిడి పూత పేరుకుంటే నీరు నిండి బ్లోయర్ దారిలోకి పొర్లుతుంది. చెట్టు కింద బండి పెట్టేవాళ్లందరికీ ఇది ఉండేదే. బానెట్ ఎత్తి రెండు మూలలా చెయ్యి పోనిచ్చి ఆకంతా తీసేయండి. కుళ్లిన ఆకు వాసన బయటి గాలి బటన్‌లో ఎక్కువగా, లోపలి గాలి బటన్‌లో తక్కువగా వస్తుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

డ్రెయిన్ పైపు సాధారణంగా బొటనవేలంత లావు రబ్బరు గొట్టం. ఇంజను గదికీ లోపలికీ మధ్య ఉండే ఇనుప గోడలోంచి బయటికి వచ్చి, మోచేయిలా వంగి కిందికి చూస్తుంటుంది. ఇంజను పూర్తిగా చల్లారాక చూడాలి, పక్కనే సైలెన్సర్ గొట్టం కాలుతుంటుంది. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరొద్దు. ర్యాంపు మీద, లేదా పిట్ ఉన్న షెడ్డులో చేయించండి. రబ్బరు మూతిని రెండు వేళ్లతో నొక్కి నలపండి, చాలాసార్లు ఎండిన బురద పెళ్లగా రాలుతుంది. మన ఊళ్లలో ఇంకో దొంగ కుమ్మరి పురుగు. నెల రోజులు బండి కదపకపోతే ఆ గొట్టంలో మట్టిగూడు కట్టేస్తుంది. దాన్ని మెత్తని సన్న ప్లాస్టిక్ గొట్టంతో, సెలైన్ గొట్టమంత సన్నదైతే సరిపోతుంది, మెల్లగా తిప్పుతూ ఆరు అంగుళాల దాకా పోనివ్వాలి. ఇనుప తీగ వద్దు. అది లోపల కాయిల్ రేకునో గొట్టాన్నో గుచ్చితే చిన్న పని కాస్తా పెద్ద ఖర్చవుతుంది. టైర్ల షాపు కంప్రెసర్ గాలి కూడా వద్దు. అంత ఒత్తిడికి గొట్టం లోపలి నుంచి ఊడిపోతే ఆ తర్వాత నీరంతా కార్పెట్ మీదికే. సైకిలు పంపు గాలి చాలు. అడ్డు తొలగితే ఒక్కసారిగా గ్లాసు, రెండు గ్లాసుల గోధుమరంగు నీరు దిగుతుంది. ముఖం పక్కకు పెట్టుకోండి.

ఇప్పుడు కార్పెట్. అందరూ వదిలేసేది ఇదే. వాసన పోలేదని మళ్లీ తిరిగొచ్చే బండ్లలో చాలావాటికి కాయిల్ శుభ్రంగానే ఉంటుంది, కింద స్పంజి మాత్రం తడిగా ఉంటుంది. పైకి కనిపించే కార్పెట్ ఆరినట్టే ఉంటుంది. దాని కింద అంగుళం మందం స్పంజి నీళ్లు పట్టుకుని వారాలు, నెలలు అలాగే ఉంటుంది. అరచేత్తో గట్టిగా అదిమి పది సెకన్లు ఉంచి చూడండి, చెయ్యి తడిస్తే లోపల చెరువే. ఎడమ తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీ పైకి లాగితే క్లిప్పుల నుంచి వస్తుంది. కార్పెట్ అంచు ఎత్తి, కింద చెక్కముక్క గానీ ఖాళీ నీళ్ల సీసా గానీ ఆనించి గాలి ఆడే సందు చేయండి. పాత తువ్వాళ్లతో అద్ది అద్ది పీల్చి, తలుపులు తెరిచి టేబుల్ ఫ్యాను పెట్టండి. ముసురు రోజుల్లో రెండు మూడు రోజులు పడుతుంది, ఎండ కాస్తే ఒక్క రోజు. ఆ వైపు వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి కాబట్టి హెయిర్ డ్రయర్‌తో కాల్చొద్దు, సబ్బునీళ్లు పొయ్యొద్దు. కనెక్టర్ల మీద పచ్చగా చిలుము కనిపిస్తే ఫొటో తీసి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

తర్వాత కేబిన్ ఫిల్టర్, అంటే లోపలికి వచ్చే గాలిని వడకట్టేది. 48 వేల కిలోమీటర్లలో ఎన్నిసార్లు మార్చారో మీరు రాయలేదు. మార్చి ఉండకపోతే ఆశ్చర్యం లేదు, సర్వీసు బిల్లులో ఈ పేరు వెతికితే తెలుస్తుంది. ఎక్కువ కార్లలో డ్యాష్‌బోర్డు డబ్బా (గ్లవ్ బాక్స్) వెనక ఉంటుంది. డబ్బా ఖాళీ చేసి రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనక పొడుగాటి ప్లాస్టిక్ మూత, దాని క్లిప్పులు నొక్కితే ఊడి వస్తుంది. ఫిల్టర్‌ను మెల్లగా, అడ్డంగానే లాగండి. ఒళ్లో పాత పేపరు పరుచుకోండి, ఆకుముక్కలు, చచ్చిన పురుగులు, ఒక్కోసారి ఎలుక కొరికిన దూది కూడా రాలుతుంది. తీసిన ఫిల్టర్ అంచు మీద గాలి పోయే దిక్కు చూపే బాణం ఏ వైపుందో ఫొటో తీసుకోండి, కొత్తదీ అలాగే పెట్టాలి. కొన్ని చౌక వేరియంట్లలో కంపెనీ నుంచే ఫిల్టర్ లేకుండా, చోటు మాత్రం వదిలి పంపుతారు. మీది అలాంటిదైతే ఐదేళ్ల దుమ్మంతా నేరుగా కాయిల్ మీదికే పోయింది.

దులిపి మళ్లీ పెట్టడం, కడిగి ఎండబెట్టడం చేయొద్దు. బూజు దులిపితే పోదు, కడిగితే కాగితం మడతలు అంటుకుపోతాయి. మామూలు ఫిల్టర్ బండిని బట్టి రెండు మూడు వందల నుంచి ఐదారు వందలు, బొగ్గు పొర ఉన్నది ఇంకొంచెం ఎక్కువ. మీ దారిలో టెక్కలి గ్రానైటు క్వారీల దుమ్ము, పలాస జీడిపప్పు బట్టీల పొగ రెండూ తగులుతాయి కాబట్టి బొగ్గుది మేలు. పొగవాసనను అది పట్టుకుంటుంది, ఉత్త కాగితం పట్టుకోలేదు. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చండి. కానీ కొత్తది కొన్నా ఇప్పుడే పెట్టకండి, కాయిల్ కడగడం అయ్యాకే.

కాయిల్ కడగడానికి నురుగు క్లీనర్ డబ్బాలు ఆటో విడిభాగాల షాపుల్లో దొరుకుతాయి. డబ్బా మీద 'ఏసీ ఎవాపరేటర్ క్లీనర్' అని, అల్యూమినియానికి హాని లేదని రాసి ఉండాలి, సన్నని పొడుగు గొట్టం జతగా ఉండాలి. చిన్న కారుకు 300 నుంచి 500 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఇళ్ల ఏసీలకు వాడే ఘాటు రసాయనాలు, బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ ఏవీ అటు వైపు రాకూడదు. అల్యూమినియం రేకులను అవి తింటాయి, చిన్న చిల్లు పడినా గ్యాసంతా పోతుంది. అప్పుడు నిజంగానే గ్యాస్ కమిగలా అవుతుంది.

గొట్టం ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో కిటుకు. ముందు గాలి వచ్చే జాలీల్లోంచి కొట్టేవాళ్లు చాలామంది. ఆ నురుగు కాయిల్ దాకా చేరదు, దారిలోనే ఆగి కొత్త తడి మిగులుస్తుంది. ఫిల్టర్ తీశాక ఆ సందులోకి టార్చి వేసి చూడండి. కొన్ని బండ్లలో ఎదురుగానే సన్నని రేకుల గోడ కనిపిస్తుంది. అంటే ఫిల్టర్ బ్లోయర్‌కూ కాయిల్‌కూ మధ్యలో ఉందన్నమాట, మీ అదృష్టం, అక్కడి నుంచే కొట్టొచ్చు. మరికొన్నింటిలో కింద బ్లోయర్ చక్రం కనిపిస్తుంది. అక్కడ నురుగు పోస్తే మోటారులోకి దిగి అది పాడవుతుంది. అలాంటి బండిలో డ్యాష్‌బోర్డు డబ్బా వెనకే బ్లోయర్ వేగాన్ని మార్చే రెసిస్టర్ ఉంటుంది. కనెక్టర్ పీకి, రెండు స్క్రూలు విప్పితే ఊడి వస్తుంది. అది గాలి తగిలి చల్లబడేందుకే బ్లోయర్ తర్వాత పెడతారు కాబట్టి ఆ రంధ్రంలోంచి గొట్టం కాయిల్ వైపు పోనివ్వచ్చు. బండి ఆపిన వెంటనే ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది.

కీ ఆఫ్ చేసి, తలుపులన్నీ తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని మొదలుపెట్టండి. ఎడమ వైపు ప్లాస్టిక్ షీటు పరిచి, బండి కింద డ్రెయిన్ దగ్గర తెల్లటి బేసిను పెట్టండి. తెల్లది ఎందుకంటే ఏం దిగుతోందో రంగు కనపడాలి. డబ్బా బాగా ఊపి, గొట్టం కొసను కాయిల్‌కు అంగుళం దూరంలో ఉంచి పై నుంచి కిందికి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతూ కొట్టండి. మొత్తం ఒక్క దమ్మున ఖాళీ చేయొద్దు. ముప్పావు వంతు వాడి ఆపి, మిగిలింది డ్రెయిన్ గొట్టంలో కింది నుంచి నాలుగైదు అంగుళాలు పోనిచ్చి వదలండి. నీరు నిలిచిన తొట్టి, కాయిల్ కింది వరసలు అప్పుడే శుభ్రమవుతాయి, జిగురు ఎక్కువగా ఉండేది అక్కడే. 20 నిమిషాలు ఆగండి, లేదా డబ్బా మీద రాసినంతసేపు. తొందరపడి బ్లోయర్ వేస్తే నురుగు సబ్బు బుడగల్లా ముందు జాలీల్లోంచి ముఖాన పడుతుంది.

నురుగు కరిగి బేసిన్‌లోకి దిగే నీరు మొదట టీ రంగులో, ఒక్కోసారి నల్లటి తెట్టులతో ఉంటుంది. తర్వాత చేతిపంపు స్ప్రేతో అర లీటరు మంచినీళ్లు అదే దారిలో మెల్లగా కొట్టండి. ఇది డ్రెయిన్ బాగా పారుతోందని కళ్లతో చూశాకే, లేకపోతే ఆరబెట్టిన కార్పెట్ మళ్లీ మొదటికి వస్తుంది. నీరు తేటగా దిగేదాకా కడగండి, రంగు వస్తూనే ఉంటే రెండో డబ్బా అవసరం. మీ బండికి రెండు పట్టినా పట్టొచ్చు. రెసిస్టర్ తీసి ఉంటే తుడిచి, బిగించి, కనెక్టర్ పెట్టాకే కీ తిప్పండి.

ఆరబెట్టడంలో ఒక పొరపాటు చాలా వీడియోల్లో కనిపిస్తుంది. హీటర్ పెడితే కాయిల్ ఎండుతుందంటారు. కానీ ఎక్కువ బండ్లలో గాలి ముందు కూలింగ్ కాయిల్ దాటి, ఆ తర్వాతే హీటర్ కాయిల్‌కు వెళ్తుంది. బయటి గాలి బటన్ మీద హీటర్ వేస్తే మీ కాళ్లకు వేడి తగులుతుంది, కూలింగ్ కాయిల్‌కు మాత్రం బయటి చెమ్మగాలే తగులుతుంది. అందుకే ఏసీ బటన్ ఆపి, లోపలి గాలి బటన్ నొక్కి, హీటర్ పూర్తిగా తిప్పి, బ్లోయర్ మూడు మీద పెట్టండి. వేడెక్కిన గాలి మళ్లీ మళ్లీ కాయిల్ మీదుగా తిరుగుతుంది. ఆవిరి బయటికి పోవడానికి వెనక అద్దాలు రెండు అంగుళాలు దించండి. పది నిమిషాలయ్యాక బయటి గాలికి మార్చి అద్దాలన్నీ దించి ఇంకో ఐదు నిమిషాలు. ఆ సమయంలో మీరు లోపల కూర్చోనక్కర్లేదు. వాసన చివరిసారిగా గట్టిగా వచ్చేది అప్పుడే. అదయ్యాక కొత్త ఫిల్టర్ పెట్టండి.

వెనక సీటు కింద పెట్టి మీట నొక్కితే పొగలా చిమ్మే డబ్బాలు కూడా అమ్ముతారు. గాలి దారుల్లో మిగిలిన వాసనకు అవి కొంత పనికొస్తాయి, జిగురును మాత్రం కదపలేవు. వాడితే కడగడం అయ్యాక వాడండి, మనుషులు లోపల ఉండకూడదు, దగ్గర్లో దీపం, అగరువత్తి, సిగరెట్ ఏదీ వద్దు, వాటిలో మంట అంటుకునే గ్యాస్ ఉంటుంది. ఓజోన్ యంత్రం పెడతామని షెడ్డువాళ్లు అంటే మీ ఇంట్లో ఆయాసం ఉన్న మనిషి ఉన్నారు కాబట్టి వద్దనండి. సెంటు సీసా ఈరోజే తీసేయండి. కర్పూరం, నిమ్మకాయ, కాఫీ పొడి పొట్లం, ఎవరేం చెప్పినా తడి ఉన్నంతకాలం అవి వాసన మీద వాసనే.

అమ్మగారి సంగతి. బూజు రేణువులు ఆయాసం ఉన్నవాళ్లకు దగ్గు, పిల్లికూతలు రేపుతాయి. పని పూర్తయి మూడు నాలుగు రోజులు బండి వాడి చూసేదాకా ఆవిడను ఆ కారులో తీసుకెళ్లకండి. తప్పనిసరైతే ఏసీ, బ్లోయర్ రెండూ ఆపి అద్దాలు దించుకుని వెళ్లండి. దగ్గు కారు దిగాక కూడా ఉంటోందంటే డాక్టరుకు చూపించాలి, అది కారు శుభ్రంతో తేలేది కాదు.

ఇక రోజువారీ అలవాటు. బరంపురం నుంచి తిరిగొస్తూ ఇల్లు ఇంకో ఐదు నిమిషాలుందనగా ఏసీ బటన్ ఆపేయండి. బ్లోయర్ ఆపకుండా, బయటి గాలి మీద, రెండు మూడు నంబర్లలో నడవనివ్వండి. ఎండాకాలంలో ఈ ఐదు నిమిషాలు చాలు. ముసురు రోజుల్లో బయటి గాలే తడి కాబట్టి పూర్తిగా ఎండదు, వారానికోసారి పైన చెప్పిన హీటర్ పద్ధతి చేయండి. లోపలి గాలి బటన్ ఎప్పుడూ నొక్కి ఉంచే అలవాటుంటే మానండి. నలుగురి ఊపిరి తేమ, తడి చెప్పులు, గోపాల్‌పూర్ తీరం నుంచి తెచ్చిన ఎండుచేపల సంచీ, అన్నీ ఆ కొంచెం గాలిలోనే తిరుగుతాయి. ఎండలో బండి త్వరగా చల్లబడటానికి పది నిమిషాలు నొక్కి, తర్వాత తీసేయండి. ఎండుచేపలు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, డిక్కీలో. ఆ వాసన సీటు గుడ్డకు పడితే ఈ ఉత్తరంలో చెప్పినవేవీ పనిచేయవు.

ఒక జాగ్రత్త. ఏసీ ఆపి కాయిల్ ఎండబెట్టే పని ఘాటీ రోడ్డులో చేయొద్దు. తప్తపాణి ఘాటీలో గానీ, కొరాపుట్ వైపు వెళ్తే సుంకి దాటాక మలుపుల్లో గానీ, చలిలో వానలో ఏసీ ఆపిన మరుక్షణం కాయిల్ మీది తడి ఆవిరై వచ్చి ముందు అద్దం తెల్లగా మూసుకుపోతుంది. లోపలి గాలి బటన్ కూడా నొక్కి ఉంటే ఇంకా త్వరగా. ఘాటీలో ఏసీ వేసే ఉంచి, చలి వేస్తే హీటర్ కలుపుకోండి, అద్దం తేటగా ఉంటుంది. చాలా బండ్లలో గాలిని అద్దం మీదికి తిప్పగానే కంప్రెసర్ తనంతట తనే పనిచేస్తుంది. ఏసీ వేయలేదు కదా, కాయిల్ ఎందుకు తడిసిందని చలికాలంలో అడిగేవాళ్లకు జవాబు అదే.

డ్యాష్‌బోర్డు విప్పాల్సి వచ్చే బండ్లూ ఉన్నాయి. వరదనీరు సీటు మట్టం దాకా ఎక్కినవి, కాయిల్‌కే చిల్లు పడినవి, ఎలుక లోపల చచ్చినవి, రెండుసార్లు సరిగ్గా కడిగినా బ్లోయర్ గాలి బలహీనంగానే ఉన్నవి. 2018 అక్టోబరు తిత్లీ లాంటి తుపానులకు గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో నీట మునిగిన బండ్లు చేతులు మారుతుంటాయి. మీది సెకండ్ హ్యాండ్ అయితే సీటు పట్టాల బోల్టుల దగ్గర తుప్పు, సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి గీత ఉన్నాయేమో చూడండి. విప్పడం తప్పదనుకుంటే గ్యాస్ గాల్లోకి వదలకుండా యంత్రంతో పట్టి, తిరిగి తూచి నింపుతారా, జాయింట్ల దగ్గర రబ్బరు రింగులు కొత్తవి వేస్తారా, డ్రెయిన్ గొట్టం మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టి నీళ్లు పోసి చూపిస్తారా, ఈ మూడూ ముందే అడిగి బిల్లులో రాయించండి. విప్పి బిగించిన బండ్లలో డ్యాష్‌బోర్డు కిర్రుమనడం, ఒక జాలీలోంచి గాలి రాకపోవడం మామూలు. ఊరికే విప్పించొద్దనేది అందుకే.

మీ బండికి వరస ఇదీ: డ్రెయిన్ మొదట, కార్పెట్ రెండోది, కాయిల్ మూడోది, ఫిల్టర్ చివర. ఒక ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి డ్రెయిన్, కార్పెట్ చూడండి. స్పంజి పూర్తిగా ఆరాక, వచ్చే ఆదివారం కాయిల్. ఆ మధ్య వారంలో ఏసీ వేస్తే బండి కింద చుక్కలు పడుతున్నాయో లేదో రోజూ ఒకసారి వంగి చూడండి. మళ్లీ ఆగితే గొట్టంలో ఇంకా ఏదో మిగిలి ఉంది, కాయిల్ డబ్బా అప్పటిదాకా కొనకండి.